విదేశ విద్యకు తొలిమెట్టు: గిండీ కళాశాలలో ఒక తెలుగు ఆడపడుచు

చెన్నపట్టణమున తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో, ఒక ఆడపిల్ల ఇంజనీరింగు పట్టా పుచ్చుకొని, విదేశ విశ్వవిద్యాలయము వారిచ్చు ఉపకారవేతనముతో పైచదువునకు బయలుదేరుట నేడు అరుదైన వార్త కాదు. వీథిలో నలుగురికి మిఠాయి పంచుదురు. పెద్దలు అక్షతలు చల్లి దీవింతురు. మీనంబాకము విమానాశ్రయమునకు బంధువర్గమంతయు తరలివచ్చును. ఇది సంతోషింపదగిన విషయమే. కాని అలవాటైన మేలు వెనుకనున్న శ్రమ కంటికి కనబడకపోవుట లోకసహజము. కొళాయి త్రిప్పగానే నీరు వచ్చు ఇంటివారికి చెరువు త్రవ్వించినవారి పేరు తెలియదు. మన ఆడపిల్లల ఉన్నతవిద్య విషయమునను అదే జరుగుచున్నది.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఒక్కమాట. విదేశపు ఉపకారవేతనము ఆడపిల్ల చదువునకు కడపటి మెట్టు, తొలిమెట్టు కాదు. కడపటి మెట్టు పత్రికలకు ఎక్కును. తొలిమెట్టు ఇంటిలోను, ఊరిలోని కళాశాలలోను ఉండును. దానిని చూచువారు తక్కువ. మన నగరమున ఇంజనీరింగు విద్యకు సంబంధించినంతవరకు ఆ తొలిమెట్టు ఎక్కిన స్త్రీ ఒక తెలుగింటి ఆడపడుచు. ఆమె శ్రీమతి అయ్యలసోమయాజుల లలిత. ఆమె విద్యార్థినిగా విదేశమునకు వెళ్ళలేదు. అయినను విదేశములకు వెళ్ళిన వారి కథ ఆమెను విడిచి చెప్పుటకు వీలులేదు. ఏలననగా, ఏ పట్టా లేనిదే విదేశపు వేతనమునకు దరఖాస్తు పెట్టుటకే అర్హత ఉండదో, ఆ పట్టాను స్త్రీ పొందవచ్చునని గిండీలో నిరూపించినది ఆమెయే.

తెరచిన తలుపు, మూసిన తలుపు

మదరాసు నగరమున స్త్రీల ఉన్నతవిద్యకు మొదట తలుపు తెరచినది వైద్యశాస్త్రము. 1875లో మదరాసు వైద్యకళాశాలలో నలుగురు స్త్రీలకు ప్రవేశము లభించెను. వారిలో ఒకరైన మేరీ షార్లీబ్ పిదప ఇంగ్లాండులో పేరొందిన వైద్యురాలయ్యెను. 1912లో డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి ఆ కళాశాలనుండియే పట్టా పొందిరి. స్త్రీలకు వైద్యము చేయుటకు స్త్రీలే కావలెనను వాదమును పూర్వాచారపరాయణులు సైతము కాదనలేకపోయిరి. పురుషవైద్యుని యెదుటకు రాని గృహిణుల ప్రాణము నిలుపవలెనన్న వేరు దారి లేకపోయెను. అక్కర తలుపు తీయించినది.

ఇంజనీరింగునకు అట్టి అక్కర ఎవరికిని తోచలేదు. సెయింటు జార్జి కోట సమీపమున 1794లో కొలదిమంది విద్యార్థులతో వెలసిన సర్వే పాఠశాల, 1859లో ఇంజనీరింగు కళాశాలగా మారి, 1920లో గిండీకి తరలివచ్చెను. కాలువలు, వంతెనలు, రహదారులు, ఆనకట్టలు కట్టువారిని అది తయారుచేసెను. ఆ ఉద్యోగమన్న ఎండలో డేరాలయందు కాపురము, కూలిజనముతో వ్యవహారము, కర్మాగారములలో కొలిమి, ఇనుము, యంత్రముల నడుమ శిక్షణ. ఇది ఆడువారికి తగినదా కాదా యను ప్రశ్నయే ఆ కాలమున పుట్టలేదు. వైద్యకళాశాలలో స్త్రీ అడుగిడిన పిదప అరువది సంవత్సరములకు పైగా గిండీలో ఒక్క స్త్రీయు చేరలేదు.

ఈ నడిమికాలమున విదేశవిద్యకు ఉపకారవేతనములు లేకపోలేదు. జంషెడ్జీ టాటా 1892లో నెలకొల్పిన విద్యానిధి తొలి విద్యార్థులలోనే ఒక స్త్రీ వైద్యురాలు గలదు. అమెరికాలో మిచిగను విశ్వవిద్యాలయమునకు చెందిన లీవై బార్బరు, ఆసియాఖండపు స్త్రీల కొరకే ప్రత్యేకముగ ఒక ఉపకారవేతనమును 1917లో ఏర్పరచెను. తలచేరిలో పుట్టి, మన క్వీన్ మేరీస్ కళాశాలలోను ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి, ఉమెన్స్ క్రిస్టియన్ కళాశాలలో పాఠములు చెప్పుచుండిన జానకి అమ్మాళ్ ఆ వేతనముతో 1924లో మిచిగను వెళ్ళి, వృక్షశాస్త్రమున పరిశోధన సలిపి, 1931లో డాక్టరు పట్టమందెను. అనగా 1924 నాటికే మదరాసు నగరమునుండి ఒక స్త్రీ సముద్రము దాటి శాస్త్రవిద్య నభ్యసింపగలిగినది. ఆమెకది సాధ్యమగుటకు కారణమేమి? వృక్షశాస్త్రమున తొలిపట్టా ఇచ్చు కళాశాల ఈ ఊరనే ఆమెకు లభించినది. ఇంజనీరింగు విషయమున ఆ తొలిపట్టాయే స్త్రీకి అందని పండు. ఎంత ఉదారమైన వేతనమైనను, దానిని కోరుటకు అర్హురాలు లేనిచోట ఏమి చేయగలదు? కనుక విదేశపు తలుపు తెరచుకొనుటకు ముందు గిండీ తలుపు తెరచుకొనవలసి యుండెను.

1919వ సంవత్సరము

మన తెలుగువారికి 1919 మరపురాని సంవత్సరము. వితంతువుల కన్నీరు తుడుచుటకు జీవితమును ధారవోసిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆ సంవత్సరము మే 27వ తేదీన ఈ మదరాసు నగరముననే కన్నుమూసిరి. సరిగా మూడు మాసములకు, ఆగస్టు 27వ తేదీన, ఈ నగరముననే ఒక మధ్యతరగతి తెలుగు కుటుంబమున లలిత జన్మించెను. ఈ రెంటికిని సంబంధము కల్పించుట మా ఉద్దేశము కాదు. కాని పంతులుగారు 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిననాడు లేవనెత్తిన ప్రశ్నకు, వేరొక విధమైన సమాధానము ఈ శిశువు జీవితమున లభింపనుండెను.

లలిత తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ కళాశాలలో విద్యుచ్ఛక్తి ఇంజనీరింగు శాఖయందు ఆచార్యులు. ఆ శాఖ 1930లో ఏర్పడినది. ఏడుగురు సంతానములో లలిత అయిదవది. మగపిల్లలు ఇంజనీరింగు చదువులవైపు మరలిరి. ఆడపిల్లలకు చిన్నతనముననే పెండ్లి చేయుట వాడుక. ఆ వాడుక ప్రకారమే లలితకు పదునైదవ యేట, 1934లో, వివాహమయ్యెను. 1929లో ప్రభుత్వము చేసిన శారదా చట్టము ఆడపిల్ల వివాహమునకు పదునాలుగేండ్లు నిండవలెనని మాత్రమే విధించెను. కనుక చట్టము దృష్టిలో అది బాల్యవివాహము కాదు. వివాహమైనను చదువు మానిపింపరాదని తండ్రి పట్టుపట్టుటచే ఆమె పదవ తరగతి పూర్తిచేసెను.

1937లో విధి ప్రతికూలించెను. పదునెనిమిదేండ్ల వయస్సున, చేతిలో నాలుగు నెలల ఆడుబిడ్డతో, లలిత భర్తను కోల్పోయెను.

ఆ కాలమున ఒక బ్రాహ్మణవితంతువు బ్రతుకు ఎట్లుండెడిదో మన పెద్దలకు వివరింపనక్కరలేదు. శుభకార్యములలో ఆమెకు చోటులేదు. ఎదురుపడుట అపశకునము. పుట్టినింటనైనను మెట్టినింటనైనను ఒక మూల వంటగదియే లోకము. ఆ 1937లోనే వితంతువునకు భర్త ఆస్తిలో కొంత హక్కు కల్పించు చట్టము వచ్చినది. అది ఆమెకు కూటికి ఆధారము చూపవచ్చును. చేతికి పని చూపలేదు. పని చూపవలెనన్న తలంపుతో అప్పటికే ఈ నగరమున కొందరు పూనుకొనియుండిరి. తాను బాలవితంతువై, 1911లో పట్టభద్రురాలైన సోదరి సుబ్బలక్ష్మి, సముద్రతీరమునందలి ఐస్ హౌసు భవనమున బాలవితంతువులకు ఆశ్రయమిచ్చి చదువు చెప్పించెను. 1937లో మన దుర్గాబాయమ్మగారు ఈ నగరమున ఆంధ్ర మహిళా సభను స్థాపించి, చదువు నడుమ ఆగిపోయిన స్త్రీలను పరీక్షలకు సిద్ధపరుప నారంభించిరి. ఈ గాలి లలిత కుటుంబమునకును సోకియుండుట సహజము.

పప్పు సుబ్బారావుగారు కుమార్తెకు పునర్వివాహము చేయలేదు. ఆమెయు కోరలేదు. తన కాళ్ళపై తాను నిలువగల విద్య కావలెనని ఆమె నిశ్చయించెను. క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియేటు చదివి ప్రథమశ్రేణిలో నెగ్గెను. జానకి అమ్మాళ్ చదివిన కళాశాలయు అదియే యని పాఠకులు గుర్తుంచుకొందురుగాక. తరువాత వైద్యమా, ఇంజనీరింగా? స్త్రీలకు రాచబాటయైన వైద్యమును ఆమె వలదనుకొనెను. అర్ధరాత్రి పిలుపు వచ్చిన, పసిబిడ్డను విడిచి వెళ్ళవలసివచ్చునని ఆమె భయము. తండ్రివలె, సోదరులవలె, పగటిపూట పనిచేసి సాయంకాలమునకు బిడ్డను చేరుకొను వృత్తి ఆమెకు కావలెను. మన దేశపు తొలి స్త్రీ ఇంజనీర్లలో ఒకరు ఆ వృత్తిని ఎన్నుకొనుటకు మూలము యంత్రములపై మోజు మాత్రమే కాదు; తల్లి చేసికొనిన లెక్క. ఈ విషయము మాకు మిక్కిలి విలువైనదిగా తోచుచున్నది. నేటికిని మన ఇండ్లలో కోడలి చదువు, కుమార్తె చదువు ఆగునది ఈ లెక్క దగ్గరనే.

గిండీ గడప

1940 ప్రాంతమున సుబ్బారావుగారు తమ కుమార్తెను గిండీలో చేర్చుకొనవలసినదిగా ప్రిన్సిపాలు కె. సి. చాకో గారిని అర్థించిరి. ఆచార్యులైనంత మాత్రమున తమ కళాశాలలో లేని ఆచారమును తాము పుట్టింపలేరు. ప్రిన్సిపాలుగారు అంగీకరించిరి. విద్యాశాఖ డైరెక్టరు ఆర్. ఎం. స్టాతం దొర ఆమోదముద్ర వేసెను. నియమావళిలో స్త్రీ చేరరాదని వ్రాసియుండెనా లేదా అనుటకంటె, ఇంతవరకు ఎవరును అడుగలేదనుటయే ముఖ్యము. అడిగిన తండ్రి, ఒప్పుకొనిన ప్రధానాచార్యుడు, సంతకము చేసిన అధికారి, ఈ ముగ్గురిలో ఏ యొక్కరు వెనుదీసినను ఈ కథ అక్కడనే ఆగిపోయెడిది.

లలిత విద్యుచ్ఛక్తి ఇంజనీరింగు తరగతిలో చేరెను. వందలకొలది పురుషవిద్యార్థుల నడుమ ఆమె ఒక్కతె. వారు ఆమెను ఇబ్బంది పెట్టలేదు, గౌరవముతోనే చూచిరి. అయినను వసతిగృహమున ఒంటరితనము ఆమెను బాధించెను. బిడ్డ సమీపమున సోదరుని ఇంట పెరుగుచుండెను. వారాంతమున తల్లి వెళ్ళి చూచివచ్చెడిది.

కుమార్తె ఒంటరితనమును తండ్రి గ్రహించి ఒక మంచి పని చేసిరి. గిండీ కళాశాలలో ఇకపై స్త్రీలను చేర్చుకొందురని పత్రికాముఖమున ప్రకటన వెలువడునట్లు చూచిరి. దానికి కేరళదేశమునుండి ఇద్దరు యువతులు స్పందించిరి. ఒకరు లీలమ్మ జార్జి, మరియొకరు పి. కె. థ్రేసియా. ఇద్దరును సివిల్ ఇంజనీరింగులో చేరిరి. ఒక తెలుగు యువతి, ఇద్దరు మలయాళ యువతులు, తమిళనాట నున్న కళాశాల. మదరాసు రాజధాని అనబడిన ఆ పాత కూటమి స్వభావమును చూపుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. ఒకరికై తెరచిన తలుపు ఒకరితోనే మూసికొనిపోవచ్చును. ముగ్గురు ప్రవేశించిన పిదప దానిని మూయుట కష్టము. సుబ్బారావుగారు తమ కుమార్తెకు తోడు వెదకుటలో, తెలిసియో తెలియకయో, ఆ తలుపును శాశ్వతముగ తెరపించిరి.

అది యుద్ధకాలము. ఇంజనీర్ల అవసరము పెరిగి, చదువు గడువు కుదింపబడెను. అందువలన ముగ్గురును ఇంచుమించు ఒకే కాలమున చదువు ముగించిరి. లలిత 1943లో చదువు పూర్తిచేసెను. పట్టా పత్రములు ముద్రించినవారికి స్త్రీ పట్టభద్రురాలు వచ్చునని తోచలేదు కాబోలు. వాటిలో పురుషవాచకమైన ఆంగ్లసర్వనామమే అచ్చుపడియుండెను. అధికారులు ఆ 'హీ' అను మాటను కొట్టివేసి, పైన 'షీ' అని చేతితో వ్రాసి ఇచ్చిరి. నూరేండ్లకు సమీపించిన కళాశాల చరిత్రలో ఆ సిరాగీత చిన్నదే. కాని శాసనము చెక్కించి ప్రారంభోత్సవము జరిపిన ఎన్నో మార్పులకంటె అది గట్టిగా నిలిచినది.

పట్టా తరువాత

పట్టా చేతికి వచ్చినంతనే ఇంజనీరు కాజాలరు. కర్మాగారమున శిక్షణ పొందవలెను. లలిత బీహారులోని జమాల్‌పురము రైల్వే కర్మాగారమున ఆ శిక్షణ పొందెను. 1862లో స్థాపితమైన ఆ కర్మాగారము ఆవిరియంత్రముల మరమ్మతునకు ప్రసిద్ధి. తరువాత సిమ్లాలోని కేంద్ర ప్రమాణముల సంస్థలో ఇంజనీరింగు సహాయకురాలుగా 1946 చివరవరకు పనిచేసెను. అక్కడను ఆమె సోదరుని కుటుంబము నీడన బిడ్డను పెంచుకొనగలిగెను. ఆ కాలముననే లండను విద్యుదింజనీర్ల సంస్థవారు జరుపు పట్టపరీక్షకు కూర్చుండి ఉత్తీర్ణురాలయ్యెను. అనగా విదేశమునకు పోకయే, స్వదేశమున ఉద్యోగము చేసికొనుచు, విదేశపు యోగ్యత సంపాదించినది.

పిమ్మట కొంతకాలము తండ్రి పరిశోధనలకు తోడ్పడెను. సుబ్బారావుగారు విద్యుత్తుతో పలుకు జెలెక్ట్రోమోనియము అను సంగీతవాద్యమును, పొగరాని పొయ్యిని రూపొందించుటలో నిమగ్నులై యుండిరి. అది కుటుంబపోషణకు చాలునది కాదు. 1948లో ఆమె కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీసు అను బ్రిటిషు సంస్థలో చేరెను. ఆ నగరమునను ఒక సోదరుడు కాపురముండుటచే బిడ్డతో అక్కడ స్థిరపడెను. విద్యుత్ప్రసారపు తీగెల మార్గములు, ఉపకేంద్రముల అమరిక, రక్షణపరికరముల ఏర్పాటు ఆమె పని. స్వాతంత్ర్యము వచ్చిన తొలి దశాబ్దమున దేశమునకు మిక్కిలి అవసరమైన పని అదియే. ఆనకట్ట కట్టి విద్యుత్తు పుట్టించినంత మాత్రమున ఊరికి వెలుగు రాదు. ఎన్నో క్రోసుల దూరము దానిని మోసికొనిపోవు తీగె, దారిలో దాని వడిని తగ్గించి ఇచ్చు ఉపకేంద్రము కావలెను. భాక్రా నంగల్ వంటి మహాప్రణాళికకు సంబంధించిన విద్యుత్ పనులలోను ఆమె చేయి గలదు. దాదాపు మూడు దశాబ్దములు ఆ వృత్తిలోనే గడపి, 1977లో విశ్రాంతి పొందెను.

ఇంతలో లండను సంస్థ ఆమెను 1953లో సహసభ్యురాలుగాను, 1966లో పూర్ణసభ్యురాలుగాను ఎన్నుకొనినది. అదే 1953లో ఆంధ్రరాష్ట్ర మవతరించి, మదరాసు నగరము మనకు పొరుగురాష్ట్రపు రాజధాని యయ్యెను. రాష్ట్రములు వేరుపడినపుడు ఆస్తులకు, అప్పులకు పంపకము జరిగినది. ఇటువంటి పేర్లకు పంపకములేదు. ఇక్కడ పుట్టిన తెలుగువారిని అక్కడివారు దూరముననున్నవారని మరతురు. ఇక్కడివారు వేరుభాషవారని మరతురు. కనుక వీరిని జ్ఞాపకముంచుకొను బాధ్యత మనవంటివారిపైననే మిగులును.

సముద్రము దాటినవారు

గిండీనుండి విదేశమునకు వెళ్ళి ఉన్నతవిద్య నభ్యసించుట పురుషులకు అప్పటికే క్రొత్త కాదు. కంకిపాడున జన్మించి, గిండీలో చదివిన మన కానూరి లక్ష్మణరావుగారు 1939లో ఇంగ్లాండు బర్మింగుహాము విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, పిదప దేశపు ఆనకట్టలకు పెద్దదిక్కైరి. స్త్రీలలో ఆ అవకాశము తొలుత ఎవరికి కలిగినది? లలిత సహాధ్యాయినులలో లీలమ్మ తిరువాంకూరు ప్రభుత్వ పనుల శాఖలో చేరగా, ప్రభుత్వము ఆమెను నగరనిర్మాణమున ఉన్నతశిక్షణకు ఇంగ్లాండు పంపెను. థ్రేసియా స్వదేశముననే ఉండి, 1971లో కేరళ ప్రభుత్వ పనుల శాఖకు చీఫ్ ఇంజనీరయ్యెను. గిండీ గడపను దాటిన ముగ్గురిలో ఒకరు విదేశమునకు, ఒకరు శాఖాధిపత్యమునకు, ఒకరు అంతర్జాతీయ సంఘములకు చేరిరన్నమాట.

ఉపకారవేతనముతోనే విదేశమున ఇంజనీరింగు నభ్యసించిన స్త్రీ కథ తెలిసికొనవలెనన్న మన పొరుగుననున్న మైసూరు సీమను చూడవలెను. 1922లో జన్మించిన రాజేశ్వరీ చటర్జీ బెంగుళూరున గణితశాస్త్రము చదివి, అక్కడి భారతీయ విజ్ఞాన సంస్థలో పరిశోధనకు చేరెను. 1946లో ఢిల్లీ ప్రభుత్వము ప్రతిభావంతులకు విదేశవిద్యకై ఇచ్చిన వేతనమునకు ఆమె ఎన్నికయ్యెను. 1947లో ఓడ నెక్కి, ఇంచుమించు నెలదినముల ప్రయాణము చేసి, అమెరికా చేరి, మిచిగను విశ్వవిద్యాలయమున విద్యుదింజనీరింగు నభ్యసించెను. వాషింగ్టనులోని జాతీయ ప్రమాణముల సంస్థలో ఎనిమిది మాసములు శిక్షణ పొందిన పిదప, 1949లో ఆమెకు లభించినది బార్బరు వేతనము. పాతిక సంవత్సరములకు పూర్వము జానకి అమ్మాళును తీసికొనిపోయిన వేతనమే అది. 1953లో డాక్టరు పట్టముతో ఆమె స్వదేశమునకు తిరిగివచ్చి, బెంగుళూరు సంస్థలో ఆచార్యపదవి నందుకొని, సూక్ష్మతరంగముల శాస్త్రమున ఎందరో శిష్యులను తీర్చిదిద్ది, 2010లో పరమపదించెను.

ఆమె ప్రతిభ ఎవరును కాదనజాలనిది. కాని ఆ ఇంటి చరిత్రను కూడ చూడవలెను. ఆమె అవ్వ కమలమ్మ దాసప్ప మైసూరు సంస్థానపు తొలి స్త్రీ పట్టభద్రులలో ఒకరు. వితంతువుల చదువుకొరకు, భర్తలు విడిచిన స్త్రీల చదువుకొరకు పాటుపడినవారు. అనగా ప్రభుత్వము 1946లో ఇచ్చిన వేతనమునకు పునాది అంతకు రెండు తరముల క్రిందట ఒక ముసలమ్మ వేసియుంచినది. మదరాసులో సుబ్బారావుగారు వేసినదియు అట్టి పునాదియే. ఇల్లు ముందు నడచిన చోటికే వేతనము వచ్చి చేరినది.

న్యూయార్కు సభ

1964 జూను మాసమున న్యూయార్కు నగరమున స్త్రీ ఇంజనీర్ల, స్త్రీ శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ మహాసభ జరిగెను. ముప్పదియైదు దేశములనుండి సుమారు 500 మంది స్త్రీలు పాల్గొనిరి. మన దేశమున అట్టి సంఘము ఇంకను ఏర్పడనందున లలిత తన స్వంత హోదాలోనే ఆహ్వానితురాలై వెళ్ళెను. తండ్రి అడిగి తెచ్చిన ఒక ప్రవేశము, ఇరువది నాలుగేండ్ల తరువాత ఆమెను సముద్రము దాటించినది. అక్కడి పత్రికలవారితో ఆమె చెప్పిన మాట ఒకటి ఇప్పటికిని చెప్పుకొనుచుందురు. నూటయేబది సంవత్సరములకు ముందైనచో తన్ను భర్త శవముతోపాటు చితిపై దహించియుందురని ఆమె నిర్భయముగ పలికెను. ఎవరినో నిందించుటకు గాక, ఒక దేశము ఎంతదూరము నడచినదో కొలిచి చూపుటకు ఆ మాట పనికివచ్చినది.

1965లో లండను మహిళా ఇంజనీరింగు సంఘము ఆమెను పూర్ణసభ్యురాలుగా చేర్చుకొనెను. 1967 జూలైలో ఇంగ్లాండు కేంబ్రిడ్జిలో జరిగిన రెండవ మహాసభకు భారతదేశమునందు ప్రతినిధిగా వ్యవహరించి, మన దేశపు స్త్రీ ఇంజనీర్లకు ఆ సభ సంగతి తెలియజేసి, వారిని పాల్గొనుటకు ప్రోత్సహించెను. తోడు లేని చదువు ఎట్టిదో గిండీలో ఎరిగినది గనుక, తోడు కూర్చుటను ఆమె తన పనిగా పెట్టుకొనెను. 1979 అక్టోబరు 12వ తేదీన, అరువదవ యేట, ఆమె దివంగతురాలయ్యెను.

మనము చేయదగినది

ఈ చరిత్రనుండి మన సంఘము గ్రహింపవలసిన దేమి? నేడు విదేశవిద్యకు వేతనములకు కొదువలేదు. ప్రతిభగల బాలిక దరఖాస్తు పెట్టుకొని సంపాదించుకొనగలదు. ఆమెకు సంఘము సన్మానము చేయుట మంచిదే. కాని ఆ దరఖాస్తు దగ్గరికే రాలేకపోవు వారి మాటయేమి? పండ్రెండవ తరగతి ముగిసినంతనే చాలుననిపించుకొనిన బాలిక, పెండ్లి చేసికొనిన పిదపనే విదేశమునకు పంపుదుమను షరతునకు లోబడి వచ్చిన సీటు వదలుకొనిన యువతి, భర్తను పోగొట్టుకొని బిడ్డతో పుట్టినింటికి చేరి ఏడవ సంవత్సరమున కూడ వంటింటిలోనే ఉన్న చెల్లెలు, వీరు మన వీథులలో లేరని ఎవరు చెప్పగలరు? వీరికి కావలసినది విదేశపు వేతనము కాదు. తొలిపట్టాకు చేరుటకు వలయు జీతము, తరగతి ముగిసి వచ్చువరకు బిడ్డను చూచుకొను ఒక వదినె లేక ఒక మేనత్త, వసతిగృహమున తోడుగా మరియొక బాలిక, కళాశాలకు వెళ్ళి మర్యాదగా అడుగుటకు ఒక పెద్దమనిషి. లలిత జీవితమున ఈ నాలుగును సమకూడినవి. వాటిలో ధనముతో కొనవలసినది ఒక్కటియే.

మన సంఘములు ఏటేట ఇచ్చు బహుమతులలో కొంత భాగమును, ఉత్తమశ్రేణిలో నెగ్గినవారికే గాక, చదువు నడుమ ఆగి తిరిగి ప్రారంభింపగోరు స్త్రీలకు ప్రత్యేకింపవలెనని మా మనవి. దుర్గాబాయమ్మగారు ఈ నగరముననే ఆ పని చేసి చూపిరి. మనము క్రొత్తగా కనిపెట్టవలసినది లేదు. మరియొకటి. ఇటువంటి సంచికలలో చందాదారుల పేర్లు, కార్యవర్గ సభ్యుల పేర్లు శ్రద్ధగా అచ్చువేయుదుము. అట్లే మన కుటుంబములలో ఇంజనీరింగు, వైద్యము, న్యాయశాస్త్రము మొదలగు పట్టాలు తొలుత పొందిన స్త్రీల వివరములను, వారును వారి కుటుంబములును సమ్మతించినంతవరకు, కళాశాల, సంవత్సరము సహితముగ సేకరించి భద్రపరుపవలెను. పాత పెట్టెలలో పట్టా పత్రములు, ఛాయాచిత్రములు, నియామకపు ఉత్తరములు ఇంకను ఉండవచ్చును. వాటిని చూచి చెప్పగల పెద్దలు ఏటేట తగ్గుచున్నారు. రాబోవు సంచిక నాటికి కొన్ని కుటుంబములవారైనను ఈ వివరములు వ్రాసి పంపినచో, లలిత పేరు ప్రక్కన మరికొందరి పేర్లు చేరును.